చిందు చట్టం

తంగేడుకోనలో తోడేళ్ల భయం తగ్గేకొద్దీ కుక్కల భయం పెరిగింది.

అదెలాగో చెబుతాను. కోనలోకి రావాలన్నా పోవాలన్నా ఒకటే దారి, రెండు బండల మధ్య సందు. దాన్ని వాకిలి అంటారు. వాకిలి అవతల తోడేళ్లు. ఇవతల మేకలు, గొర్రెలు, ఆవులు, గాడిదలు, కుందేళ్లు. వీళ్ల తాతలు ఎప్పుడో కుక్కల్ని పిలిచి, "మీరు కాపలా కాయండి, మీకు ఏ లోటూ రానివ్వం" అని మాటిచ్చారు. పాలున్నవాళ్లు పాలు పోశారు. వాకిలి పక్కన చల్లటి నీడ చూపించారు. ఉప్పుమన్ను దొరికే గుట్టను కూడా వాళ్ల చేతికే అప్పజెప్పారు, అక్కడ తోపులాట లేకుండా చూస్తారని.

ఆ తరం కుక్కలు మంచివే. రాత్రంతా మేలుకునేవి, పగలు కాస్త కునుకు తీసేవి, ఎవరైనా పలకరిస్తే తోక ఊపేవి. ఇప్పటి కుక్కలు పగలంతా నిద్రపోయి, ఆ అలసట తీరడానికి రాత్రీ నిద్రపోతున్నాయి. ఈ సంగతి తోడేళ్లకు ఇంకా తెలియదు కాబట్టి కోన బతికి ఉంది. ఇక తోక ఊపడమంటారా, అది ఇప్పుడు ఎదుటివాళ్ల పని.

కుక్కలకు పెద్ద భైరవప్ప. లావాటి మెడ, బరువైన చూపు. నోరు తెరిస్తే "ప్రాణాలు అడ్డం పెట్టి" అని మొదలుపెడతాడు. ఆ ప్రాణం ఎప్పుడు, దేనికి అడ్డం పడిందో చూసినవాళ్లు మాత్రం కోనలో లేరు.

నుదుట తెల్లటి మచ్చ ఉన్న చుక్కమ్మ అనే మేకకు ఈ కుక్కలంటే ఒకప్పుడు ఎంతో నమ్మకం. తన పాలలో ముందు వాళ్ల వాటా తీసి పెట్టేది. "భయమేస్తే ఎటూ చూడకు. నేరుగా కుక్క మామల దగ్గరికి పరిగెత్తు" అని తన పిల్లాడికి నేర్పించింది. పిల్లాడి పేరు చిందు. వాడికి నడక చేతకాదు. ఎక్కడికైనా ఎగురుకుంటూనే వెళ్తాడు.

ఒకరోజు మధ్యాహ్నం చిందు ఉప్పుమన్ను నాకడానికి గుట్ట దగ్గరికి వెళ్లాడు. దారికి అడ్డంగా శూరుడు నిద్రపోతున్నాడు. శూరుడు భైరవప్పకు స్వయానా మేనల్లుడు. చిందు అతని మీదుగా ఎగరబోయి తోక మీద పడ్డాడు. శూరుడు కెవ్వుమన్నాడు. పక్కన మేస్తున్న దూడలు చూసి పకపకా నవ్వాయి.

సాయంత్రానికి చిందు శవాన్ని తెచ్చి వాకిలి దగ్గర పడేశారు.

భైరవప్ప బండ ఎక్కి గొంతు సవరించుకున్నాడు. "ప్రాణాలు అడ్డం పెట్టి కాపలా కాస్తున్న మా శూరుడి మీద ఈ మేకపిల్ల దాడి చేశాడు. తోడేళ్లకు దారి చూపించడానికి వెళ్తుంటే ఆపాం. ఆపితే కొమ్ములతో పొడవబోయాడు. ఆత్మరక్షణ కోసం మావాడు ఒక చిన్న కాటు వేయాల్సి వచ్చింది."

చుక్కమ్మ బిడ్డ పక్కన మోకాళ్ల మీద కూలబడి ఉంది. తలెత్తకుండానే అంది.

"భైరవప్పా, నా బిడ్డకు ఇంకా కొమ్ములు రాలేదు."

భైరవప్ప బండ మీద నుంచి దిగలేదు.

"వచ్చి చూడండి. నుదురు తడిమి చూడండి. నున్నగా ఉంది."

భైరవప్ప కాసేపు ఆలోచించాడు. "రాబోయే కొమ్ములు" అన్నాడు. "కొమ్ములు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. కాపలా పనిలో అనుభవం లేనివాళ్లకు ఇవి అర్థం కావు."

ఆ మాటకు కోన భగ్గుమంది. మరునాడు ఎవరూ పాలు పొయ్యలేదు. ఆవులు, మేకలు, గొర్రెలు కలిసి కోన పెద్ద దొడ్డయ్య దగ్గరికి వెళ్లి కూర్చున్నాయి. సంగతి తెలిసి భైరవప్ప కూడా వచ్చాడు. దొడ్డయ్య అంటే అడవిదున్న. రోజంతా బురదగుంటలో పడుకుని ఉంటాడు. ఎవరు ఏం చెప్పినా "నీ మాటలోనూ న్యాయం ఉంది" అంటాడు. అందుకే ఆయన్ను అందరూ పెద్దమనిషి అంటారు.

"ఏం కావాలి చుక్కమ్మా?" అన్నాడు దొడ్డయ్య, లేవకుండానే.

"ప్రతి కుక్క వీపు మీదా ఒక గోరింక కూర్చోవాలి దొడ్డయ్యా. గోరింకకు కల్పించడం చేతకాదు. విన్నది విన్నట్టు చెబుతుంది. మా మాట నమ్మొద్దు, కుక్కల మాటా నమ్మొద్దు. గోరింకను అడుగుదాం."

"బాగుంది! బాగుంది!" అని సభంతా అరిచింది.

భైరవప్ప ఒక్కసారిగా లేచాడు. "మా వీపు మీద పిట్టలా? మేమేమన్నా దొంగలమా? సరే, అయితే మీరే కాసుకోండి కాపలా! ఈ క్షణం నుంచి మేం కళ్లు మూసుకుంటాం!"

"తెరిచింది ఎప్పుడప్పా?" అని వెనక నుంచి ఓబులు అన్నాడు. ఓబులు గాడిద. నెమ్మదస్తుడే గానీ నోటికి వచ్చిన మాట ఆపుకోలేడు.

నవ్వులు వినబడేసరికి భైరవప్ప పళ్లు బయటపెట్టాడు. అప్పుడు నక్క మంతనాలయ్య మెల్లగా లేచి అతని చెవి దగ్గర ఏదో అన్నాడు. మంతనాలయ్య ఎవరి పక్షమూ కాదు. ఎవరు గెలుస్తారో వాళ్ల పక్షం, అదీ వాళ్లు గెలవకముందే. ఇద్దరూ బ్రహ్మజెముడు పొదల వెనక్కి వెళ్లారు. చుక్కమ్మకు వాళ్ల మాటలు వినబడలేదు, తోకలు మాత్రం కనబడుతున్నాయి. పైకి లేచి ఉన్న భైరవప్ప తోక కొంచెం కొంచెంగా కిందికి దిగింది. తర్వాత ఊగడం మొదలైంది.

పొద వెనక నుంచి భైరవప్ప చిరునవ్వుతో బయటికొచ్చాడు. ఆ నవ్వు చూశాక చుక్కమ్మకు మొదటిసారి నిజమైన భయం వేసింది.

"సోదరులారా" అన్నాడు భైరవప్ప. "నేను ఆలోచించాను. గోరింకలు కావాల్సిందే. అసలు ఈ చట్టం మాకోసమే రావాలి. మా నిజాయితీ నలుగురికీ తెలియొద్దూ?"

సభ ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత చప్పట్లు కొట్టింది.

"చట్టమంటే మాటలు పొందిగ్గా ఉండాలి" అన్నాడు మంతనాలయ్య. "ఆ కష్టమేదో నేను పడతాను. నాకేమీ ఇవ్వనక్కర్లేదు." గొంతు పెంచి చదివినట్టు చెప్పుకొచ్చాడు. "ప్రతి కుక్క వీపు మీద ఒక గోరింక ఉండవలెను!"

చప్పట్లు.

"కుక్కల మీద వచ్చే ప్రతి ఫిర్యాదునూ ఒక కమిటీ విచారించవలెను!"

ఇంకా పెద్ద చప్పట్లు. ఆ చప్పట్లు ఆగకముందే మంతనాలయ్య గొంతు తగ్గించి గబగబా అనేశాడు. "కాపలా గౌరవం దృష్ట్యా కుక్కల పెద్ద సభలో అనుమతిస్తే తప్ప గోరింక నోరు తెరవరాదు, తెరిచినచో ఆ మాట చెల్లదు, గోరింక రెక్క పీకబడును, కమిటీలో కాపలా తెలిసినవారే ఉండవలెను."

చుక్కమ్మ ముందుకొచ్చింది. "కాపలా తెలిసినవారంటే ఎవరు మంతనాలయ్యా?"

"ఆ వివరాలు తర్వాత తేల్చుకుందాం అక్కా. చట్టం అనేది ముందు పుట్టాలి కదా."

"అనుమతి ఆయనే ఇవ్వాలంటే ఇక గోరింక ఎందుకు?"

మంతనాలయ్య ఆమె వైపు జాలిగా చూసి సభ వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. "ఇంకొక్క మాట మర్చిపోయాను. ఈ చట్టానికి చిందు చట్టం అని పేరు పెడుతున్నాం! ఆ పసివాడి పేరు ఈ కోన ఉన్నంతకాలం ఉంటుంది!"

కోనంతా లేచి నిలబడింది. గొర్రెలు ఏడ్చాయి. ఆవులు వచ్చి చుక్కమ్మ మెడ నాకాయి. "నీ బిడ్డ చచ్చి బతికాడమ్మా" అంది ఒక ముసలి గొర్రె. బిడ్డ పేరు పెట్టుకున్న చట్టాన్ని బాగాలేదని ఏ తల్లి అంటుంది? దొడ్డయ్య బురదలోంచి కాలెత్తి గట్టు మీద డెక్కముద్ర వేశాడు. "అందరి మాటలోనూ న్యాయం ఉంది" అని మళ్లీ పడుకున్నాడు.

మర్నాటి నుంచి కుక్కల వీపుల మీద గోరింకలు కూర్చున్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. పిల్లలు వాటి వెంట పరుగెత్తేవారు. కుక్కలు కూడా మునుపటికంటే తల ఎత్తుకుని తిరిగాయి. కరిచినా తిట్టినా, "గోరింక ఉందిగా, కావాలంటే ఫిర్యాదు చేసుకో" అనేవి.

అలా నెలలు గడిచాక ఓబులు వంతు వచ్చింది.

పొద్దున్నే నీళ్లకు వెళ్తూ వాకిలి వైపు చూస్తే బండ చాటున ఏదో బూడిదరంగు కదిలింది. కుక్కలన్నీ నిద్రలో ఉన్నాయి. ఓబులు గట్టిగా ఓండ్రపెట్టాడు. బూడిదరంగు మాయమైంది. కుక్కలు లేచాయి. లేచిన శూరుడు వాకిలి వైపు వెళ్లలేదు, ఓబులు మీదికి వచ్చాడు. "మా నిద్ర చెడగొడతావా?" అని వెనకకాలు పట్టి ఎముక విరిగేదాకా వదల్లేదు.

ఓబులు ఫిర్యాదు చేశాడు. చిందు చట్టం ప్రకారం కమిటీ కూర్చుంది. కాపలా తెలిసినవారే ఉండాలి కాబట్టి భైరవప్ప కూర్చున్నాడు, అతని బావమరిది కూర్చున్నాడు. ఈ సంఘటన గురించి అందరికంటే బాగా తెలిసినవాడు కాబట్టి శూరుడు కూడా కూర్చున్నాడు.

"శూరుడి వీపు మీదున్న గోరింకను అడగండి" అన్నాడు ఓబులు.

"ఆ రోజు దాని గొంతు బాగాలేదు" అన్నాడు భైరవప్ప.

"ఇప్పుడు బాగుంది కదా?"

"గౌరవం దృష్ట్యా అనుమతి లేదు."

మధ్యాహ్నమంతా కమిటీ గుట్ట వెనక మంతనాలు జరిపి, సాయంత్రం తీర్పు చెప్పింది. ఓబులు కాలు వేగంగా వచ్చి, మామూలుగా తెరుచుకుని ఉన్న శూరుడి పళ్లకు తగిలింది. పళ్లకు కలిగిన నొప్పికి ఓబులు క్షమాపణ చెప్పాలి. ఆ తర్వాత భైరవప్ప న్యాయం గురించి చాలా సేపు ఉపన్యాసం ఇచ్చాడు. ఓబులు మూడు కాళ్ల మీద నిలబడి అదంతా విని, చివర్లో శూరుడి పళ్లకు క్షమాపణ చెప్పాడు.

చుక్కమ్మ అతని వెంట నడిచి ఏటిదాకా వచ్చింది. ఓబులు నీళ్లలో కాలు పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"నొప్పి కాదక్కా" అన్నాడు. "ఆ ఉపన్యాసం. అదే తట్టుకోలేకపోతున్నా. మధ్యలో నీ బిడ్డ పేరు ఎన్నిసార్లు తలచుకున్నాడో."

చుక్కమ్మకు ఇంటికెళ్లి ఏడవాలనిపించింది గానీ కన్నీళ్లు రాలేదు. కడుపులో ఉన్నది దుఃఖం కాదని అప్పుడు తెలిసింది.

ఏటి ఒడ్డున శూరుడు నీళ్లు తాగి చెట్టు కింద పడి నిద్రపోయాడు. అతని వీపు మీదున్న గోరింక సన్నాయి మెల్లగా ఎగిరి చుక్కమ్మ ముందున్న తుమ్మకొమ్మ మీద వాలింది. దాని గొంతు ఉబ్బిపోయి ఉంది.

"అక్కా, ఇక మొయ్యలేను. విన్నవన్నీ లోపలే ఉండిపోయాయి. మా జాతికి విన్నది అనకపోతే తిన్నది అరగదు."

"చెప్పు మరి."

"చెబితే రెక్క పీకేస్తారు. పోనీ, పీకితే పీకారు. కానీ అనుమతి లేని మాట చెల్లదు కదా! రెక్కా పోతుంది, మాటా పోతుంది."

"అనుమతి భైరవప్పే ఇవ్వాలా?"

"సభలో, తన నోటితో."

చుక్కమ్మ కాసేపు తుమ్మాకు నమిలింది. "సన్నాయీ, ఈ రోజు సాయంత్రం ఆయన ఇచ్చిన ఉపన్యాసం నీకు గుర్తుందా?"

"ఎందుకుండదు? కానీ అదొక్కటే విడిగా చెప్పమంటే చెప్పలేను. ఏరుకోవడం మాకు రాదక్కా. ఆ విచారణ సంగతి ఎత్తుకుంటే మధ్యాహ్నం నుంచి వరసగా రావాల్సిందే. ఉపన్యాసం కావాలంటే దానికి ముందు గుట్ట వెనక వాళ్లు మాట్లాడుకున్నదంతా దాటాలి."

"ఆ సంగతి భైరవప్పకు తెలుసా?"

"గోరింకను ఏనాడైనా మాట్లాడనిస్తే కదా తెలిసేది!"

చుక్కమ్మ తుమ్మాకు మింగింది. చాలా కాలం తర్వాత ఆమెకు తిండి రుచి తెలిసింది.

మరునాడు పాలు పట్టుకుని భైరవప్ప దగ్గరికి వెళ్లింది. బిడ్డ పోయినప్పటి నుంచి అటు చూడని చుక్కమ్మ వచ్చేసరికి భైరవప్ప లేచి కూర్చున్నాడు. పక్కనే మంతనాలయ్య ఉన్నాడు.

"భైరవప్పా, నా బిడ్డ పేరున చట్టం వచ్చి ఏడాది కావస్తోంది" అంది. "కోనంతా చేరి ఒక సభ పెట్టుకుంటే బాగుంటుంది. నేనూ వచ్చి నాలుగు మాటలు చెబుతాను."

"మంచి మాటలేనా?"

"చట్టం వల్ల ఏం జరిగిందో చెబుతాను."

భైరవప్ప మొహం వికసించింది. ఆమె వెళ్లగానే మంతనాలయ్య, "ఎందుకో నాకు బాగా అనిపించడం లేదు పెద్దాయనా" అన్నాడు.

"నీకు అన్నీ అనుమానాలే. ఏడ్చి ఏడ్చి దారికొచ్చింది. చచ్చినవాడి తల్లే వచ్చి మనల్ని పొగిడితే ఇక మాట్లాడేదెవరు? పొరుగు కోన కుక్కల్ని కూడా పిలుద్దాం, చూసి నేర్చుకుంటారు."

సభ ఘనంగానే జరిగింది. దొడ్డయ్య మెడలో పూలతీగలు వేశారు. పొరుగు కోన కుక్కలు ముందు వరసలో కూర్చున్నాయి. భైరవప్ప బండ మీద, అతని పక్కన శూరుడు, శూరుడి వీపు మీద సన్నాయి. చుక్కమ్మను పిలిచారు.

"నాకు పెద్ద మాటలు రావు" అంది చుక్కమ్మ. "ఓబులు విచారణ రోజున భైరవప్ప న్యాయం గురించి గొప్పగా చెప్పారని అందరూ అంటున్నారు. నేను ఆ రోజు నా బాధలో ఉండి సరిగా వినలేదు. నా బిడ్డ పేరు కూడా తలచారట. ఆ మాటలు మళ్లీ ఒకసారి వినాలని ఉంది."

"దానిదేముంది, ఇప్పుడే చెబుతాను" అని భైరవప్ప గొంతు సవరించుకున్నాడు.

చుక్కమ్మ అనుకున్నది ఇది కాదు. ఒక్క క్షణం తడుముకుంది. "మీరు చెబితే వినయం కొద్దీ సగం తగ్గించి చెబుతారు" అంది. "గోరింక అయితే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. మన చట్టం ఎలా పనిచేస్తుందో పొరుగువాళ్లు కూడా చూస్తారు."

పొరుగు కోన కుక్కలు ఆసక్తిగా చెవులు నిక్కించాయి. మంతనాలయ్య వెనక నుంచి గొణిగాడు. "పెద్దాయనా, వద్దు. అంతగా అయితే ఒక్క ముక్క చెప్పించి ఆపేయండి."

"నా ఉపన్యాసాన్ని ముక్కలు చేస్తావా?" అని భైరవప్ప కసిరాడు. బండ మీద ఒక అడుగు ముందుకేసి, ఛాతీ విరిచి, అందరికీ వినబడేలా అన్నాడు. "సన్నాయీ! చిందు చట్టం కింద, ఈ సభ ముందు, నీకు అనుమతి ఇస్తున్నాను. ఆ రోజు మాటలు మొదటి నుంచి చివరిదాకా చెప్పు. ఒక్కటి కూడా వదలకు!"

సన్నాయి రెక్కలు దులుపుకుంది. దాని నోట ముందు శూరుడి గొంతు వచ్చింది.

"మామా, నిజంగానే వాకిలి దగ్గర తోడేలు అడుగులున్నాయి. ఆ గాడిద అరవకపోతే లోపలికి వచ్చేసేది."

సభ ఉలిక్కిపడింది. తర్వాత భైరవప్ప గొంతు. "ఆ మాట ఇంకెక్కడా అనకు. మనం నిద్రపోతున్నామని తెలిస్తే పాలు ఎవడు పోస్తాడు?"

"మరి వాడి కాలు సంగతి ఏం చెబుదాం?"

ఇప్పుడు మంతనాలయ్య గొంతు, నవ్వుతూ. "కాలే వచ్చి పళ్లకు తగిలిందనండి."

"నమ్ముతారంటావా?"

"నమ్మకేం చేస్తారు?" ఇది భైరవప్ప. "నువ్వు తోక తొక్కాడని చంపిన పిల్లాడికి నేను కొమ్ములు మొలిపించలేదా? చచ్చినవాడి నెత్తిన మనం ఏం పెడితే అది మొలుస్తుంది."

చుక్కమ్మ కదల్లేదు. ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు. కానీ అది చంపినవాళ్ల గొంతుతో, నవ్వుతో సహా వినడం ఇదే మొదటిసారి. ఓబులు కుంటుకుంటూ వచ్చి ఆమెకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆపు! అనుమతి రద్దు!" అని భైరవప్ప అరిచాడు. సన్నాయి ఆగలేదు. ఆగడం దానికి చేతకాదు. శూరుడు వీపు విదిలించి పట్టుకోబోయాడు. అది ఎగిరి ఒక ఎద్దు కొమ్ము మీద కూర్చుని అందుకుంది, మళ్లీ శూరుడి గొంతుతో. "దొడ్డయ్య ఏమన్నా అంటే?"

"ఆ బురదముద్దా?" అన్నాడు సన్నాయి నోట మంతనాలయ్య. "మొహం మీద ఈగ వాలితే దాని మాటలోనూ న్యాయం ఉందంటాడు."

బురదగుంటలో పెద్దగా చప్పుడైంది. దొడ్డయ్య లేచాడు. చిందు చచ్చిన రోజు లేవని దొడ్డయ్య, ఓబులు కాలు విరిగిన రోజు లేవని దొడ్డయ్య, తనను బురదముద్ద అన్నారని తెలియగానే నాలుగు కాళ్ల మీద నిలబడ్డాడు. ఆయన అంత ఎత్తు ఉంటాడని చాలామందికి అప్పుడే తెలిసింది.

"పిట్టను ముట్టుకున్నవాణ్ణి తొక్కేస్తాను" అన్నాడు. "పూర్తిగా చెప్పనివ్వండి."

సన్నాయి పూర్తిగా చెప్పింది. ఉపన్యాసం కూడా చెప్పింది. "ప్రాణాలు అడ్డం పెట్టి న్యాయాన్ని కాపాడే మేము" అని భైరవప్ప గొంతుతో అది ఆవేశంగా అంటుంటే దూడలు నేల మీద పడి దొర్లాయి.

"తరమండి వీళ్లని! ఇప్పుడే, వాకిలి బయటికి!" అని దొడ్డయ్య రంకె వేశాడు. ఎద్దులు కొమ్ములు వంచాయి.

భైరవప్ప బండ మీద నుంచి జారి కిందపడ్డాడు. "అన్యాయం! విచారణ లేకుండా శిక్షిస్తారా? మా మాట వినరా? చట్టం లేదా ఈ కోనలో?"

"ఉంది" అంది చుక్కమ్మ. "విచారణ జరగాల్సిందే."

ఓబులు తెల్లబోయాడు. "అక్కా, నీ బిడ్డను వాళ్లు విచారించి చంపారా?"

"లేదు ఓబులూ. అందుకే. వాళ్లు అడక్కుండా చంపారు. మనం అడిగి పంపుదాం."

మంతనాలయ్య గొంతు పెగల్చుకున్నాడు. "చట్టం ప్రకారం కమిటీలో కాపలా తెలిసినవారే..."

"కాపలా లేక బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లకు తెలిసినంత కాపలా ఇంకెవరికి తెలుసు?" అంది చుక్కమ్మ.

కమిటీగా ఎండుగడ్డి మీద ఒక ముసలి గొర్రె, ఒక ఆవు, ఒక కౌజుపిట్ట కూర్చున్నాయి. చుక్కమ్మను కూడా కూర్చోమన్నారు. "నేను వాడి తల్లిని, నేను కూర్చోకూడదు" అని పక్కకు తప్పుకుంది. భైరవప్ప జన్మలో మొదటిసారి పిట్ట అడిగిన ప్రశ్నకు తలదించుకుని జవాబు చెప్పాడు. ఏ మాట అన్నా, "అలాగా, మరి గోరింక ఇలా అంటోందే?" అని కౌజుపిట్ట మెల్లగా అడిగింది. పొద్దువాలకముందే శూరుడు ఏడుస్తూ ఉన్నదంతా ఒప్పుకున్నాడు. మామ చెప్పమన్నాడని అల్లుడు, అల్లుడు చేశాడని మామ, ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు.

ఇద్దర్నీ వాకిలి దాటించారు. మిగిలిన కుక్కల్ని ఉండనిచ్చారు, కాపలా కావాలి కాబట్టి. కాకపోతే ఇప్పుడు గోరింకకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కుక్కలు చిత్రంగా మేలుకుని ఉంటున్నాయి.

"కొత్త చట్టానికి మాటలు నేను సమకూరుస్తాను" అని మంతనాలయ్య సిగ్గులేకుండా ముందుకొచ్చాడు. "ఉచితంగానే."

"అక్కర్లేదు" అంది చుక్కమ్మ. "మాకు కావలసింది చిన్న మాటే. తప్పు చేశాడని ఫిర్యాదు వచ్చినవాడు ఆ తప్పుకు తీర్పు చెప్పకూడదు. అంతే. దీనికి నా బిడ్డ పేరు కూడా పెట్టొద్దు. వాడి పేరు నాకిచ్చేయండి. నేను పిలుచుకుంటాను."

దొడ్డయ్య డెక్కముద్ర వేశాడు. ఈసారి ఎవరి మాటలో న్యాయం ఉందో చెప్పకుండా ఊరుకున్నాడు.

వాకిలి అవతల చీకటి పడుతుంటే భైరవప్ప బండకు ఆనుకుని, "కాపలా! ఎవరక్కడ? కాపలా!" అని గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాడు. లోపలి కుక్కలు బయటికి తొంగిచూసి, ఫిర్యాదు ఏదైనా ఉంటే పగలు రమ్మన్నాయి.

మంతనాలయ్యకు మాత్రం ఏ కష్టమూ రాలేదు. పొరుగు కోన కుక్కలు తిరిగి వెళ్తూ అతన్ని మర్యాదగా తమ వెంట తీసుకెళ్లాయి. అక్కడ కూడా ఎవరిదో పిల్ల చచ్చిందట, జనం చట్టం కావాలంటున్నారట.

నీతి: కావలివాడి తప్పును కావలివాడే విచారించే చట్టం జనానికి రక్షణ కాదు, కావలివాడికి ఇంకో కోర.